ఎర్ర పుట్టుమచ్చకి లేజర్ చేయించాలా? ముందు ఇవి చూసుకోండి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి పిల్లల్ని తీసుకుని విశాఖకో బరంపురానికో లేజర్‌కని బయల్దేరేవాళ్లకి ఒకటే చెప్తాను. మిషన్ సంగతి తర్వాత, ముందు ఆ మచ్చ ఏ రకమో తేల్చుకోండి. దానికి ప్రైవేటు క్లినిక్కే అక్కర్లేదు, విశాఖ కేజీహెచ్‌లోనో బరంపురం ఎంకేసీజీలోనో స్కిన్ ఓపీలో చూపిస్తే చాలు.

పుట్టినప్పుడే చదునుగా, గులాబీ రంగులో ఉండి, బిడ్డతోపాటే పెరుగుతూ వయసు మీద పడేకొద్దీ ముదురు రంగుకి తిరిగేది పోర్ట్ వైన్ స్టెయిన్. అది దానంతటది పోదు, దీనికే లేజర్. పుట్టిన కొన్ని వారాలకి మొదలై గబగబా ఉబ్బేది హెమాంజియోమా. ఇది ఏడాది దాటాక మెల్లగా అణుగుతుంది, కానీ కంటి దగ్గరో పెదవి మీదో ఉన్నా, పుండు పడినా ఆగకూడదు. అలాంటివాటికి ఇప్పుడు ముందుగా ఇచ్చేది ప్రొప్రనొలాల్ అనే మందు, ఇది పనిచేస్తుందని ఫ్రాన్స్ డాక్టర్లు 2008లో బయటపెట్టారు. షుగర్, గుండె వేగం పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారమే వేయాలి, బిడ్డ పాలు తాగని పూట వేయకూడదు. ఒంటి మీద ఇవి ఐదు, అంతకుమించి కనిపిస్తే లివర్ స్కాన్ గురించి అడగండి.

పోర్ట్ వైన్ స్టెయిన్ నుదుటి మీద, కంటిరెప్ప మీద ఉంటే లేజర్ కన్నా ముందు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, లోపల కంటి ప్రెజర్ పెరుగుతుండొచ్చు. ఫిట్స్ వచ్చాయా అన్నదీ చెప్పండి. అన్నట్టు, గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకుందని తల్లిని ఆడిపోసుకోవడం మన వైపు ఇంకా పోలేదు. పోర్ట్ వైన్ స్టెయిన్‌లలో చాలావాటికి కారణం బిడ్డ కడుపులో ఉండగా జీఎన్ఏక్యూ అనే ఒక జన్యువులో వచ్చే మార్పు, 2013లోనే తేలింది. అది తల్లి నుంచి వచ్చిందీ కాదు, తండ్రి నుంచి వచ్చిందీ కాదు.

ఇక మిషన్. రక్తంలోని ఎర్రదనం కొన్ని రంగుల కాంతిని బాగా పీల్చుకుంటుంది, ఆ వేడికి నాళం మూసుకుపోతుంది. అందుకని పోర్ట్ వైన్ స్టెయిన్‌కి ముందు అడగాల్సింది 595 నానోమీటర్ల (అది కాంతి తరంగం పొడవు) పల్స్‌డ్ డై లేజర్. మచ్చ మందంగా, లోతుగా ఉంటే ఎన్‌డీ యాగ్ అనే ఇంకో లేజర్ వాడతారు, అది చేయి తిరిగినవాళ్లే చేయాలి, డోసు కాస్త ఎక్కువైతే కాలిన గాయపు మచ్చ మిగిలిపోతుంది. ఐపీఎల్ అనే మిషన్ అసలు లేజరే కాదు, కలగలుపు కాంతి, మన చామనఛాయ ఒంటికి ఇంకా జాగ్రత్త కావాలి. ఎందుకంటే చర్మంలోని నలుపు కూడా ఆ కాంతిని తాగేస్తుంది, పైన కాలి తెల్లగానో నల్లగానో మరక మిగులుతుంది. వెంట్రుకలు తీసే మిషన్ చూపించి ఇదే అన్నింటికీ పనిచేస్తుందంటే లేచి వచ్చేయండి. మీ బిడ్డలాంటి రంగు వాళ్లకి చేసిన ఫొటోలు చూపించమనండి, ముందు ఒక మూల చిన్న టెస్ట్ చేసి కొన్ని వారాలు ఆగి చూడమనండి.

సిట్టింగ్‌లో ముందు చల్లటి స్ప్రే పడుతుంది, వెంటనే రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది. కళ్లకి మూత తప్పనిసరి, కంటిరెప్ప మీదైతే రెప్ప కిందే లోహపు కవచం పెడతారు. చేసినచోట ఊదారంగుకి కమిలిపోయి వారం, రెండు వారాలు ఉంటుంది, కాబట్టి పెళ్లి ముందు పెట్టుకోకండి. నాలుగు నుంచి ఎనిమిది వారాలకోసారి, చాలాసార్లు తిరగాలి. అందుకే సిట్టింగ్ రేటు కాదు, మొత్తం ఎంతవుతుందో, రైలు చార్జీతో సహా లెక్కేసుకోండి. పూర్తిగా పోతుందని గ్యారంటీ ఇచ్చేవాడిని నమ్మొద్దు, చాలామందికి రంగు తేలికపడుతుంది, ఏళ్ల తర్వాత కొంత తిరిగి ముదరొచ్చు కూడా.

ఇంటికొచ్చాక చల్లటి తడిగుడ్డ వేయండి, రుద్దకండి, పసుపు, సున్నం, పసరు ఏదీ రాయకండి. సన్‌స్క్రీన్ రోజూ రాయాలి, ఎండకి నల్లబడి ఉంటే తర్వాతి సిట్టింగ్ వాయిదా వేయమనండి. బొబ్బలు లేచినా, చీము పట్టినా ఫోన్ చేసి ఫొటో పంపండి, అంత దూరం నుంచి మళ్లీ వెళ్లాలా వద్దా అన్నది వాళ్లే చెప్తారు.