పాత పిడి చేతికొస్తే ముందు వెనక్కి తిప్పి చూడండి

సొరుగు పిడి, తలుపు బొడిపె, గడియ, బందు, తాళం రంధ్రం మీది మూత... ఏది చేతికొచ్చినా నేను మొదట వెనక వైపు చూస్తాను. ముందున్న పూలు, లతలు, సింహం మొహాలు కొత్తగా పోసినవాటిలోనూ ఉంటాయి. వెనక వైపు ఎవరూ చూడరు కదా అని పనివాడు అక్కడ నున్నగా చేయడు. ఏ పనిముట్టు వాడాడో, ఎంత ఓపికగా చేశాడో అక్కడే తెలుస్తుంది.

అయితే అంతకంటే ముందు లోహమేదో తేల్చుకోవాలి. చిన్న అయస్కాంతం ఒకటి దగ్గర పెట్టుకోండి. ఇత్తడికి, కంచుకి, రాగికి అది అంటుకోదు. గట్టిగా అంటుకుందంటే లోపల ఇనుమో ఉక్కో ఉండి, పైన పూత ఉన్నట్టు. అంతమాత్రాన పక్కన పడేయకండి, పోత ఇనుము మీద పూత వేసిన మంచి పాత సామాన్లు చాలా ఉన్నాయి. అంటుకోలేదు కాబట్టి ఇత్తడే అనీ అనుకోకండి. జింక్ మిశ్రమానికీ అయస్కాంతం అంటుకోదు.

నాకు బాగా పనికొచ్చే పరీక్ష వంటింటి డిజిటల్ త్రాసుతో చేసేది. ముందు పిడిని తూచి బరువు రాసుకోండి. తర్వాత నీళ్ల గ్లాసును త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. పిడిని దారంతో కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా పూర్తిగా నీళ్లలో వేలాడదీయండి. అప్పుడు త్రాసు ఎన్ని గ్రాములు చూపిస్తే ఆ పిడి అన్ని ఘన సెంటీమీటర్లు ఉన్నట్టు. మొదటి బరువును దీంతో భాగించండి. బయట 170 గ్రాములుండి, నీళ్లలో 20 చూపిస్తే 8.5 వస్తుంది, అది ఇత్తడి లెక్క. 6.7 దగ్గర వస్తే జింక్ మిశ్రమం. గుంటల్లో గాలి బుడగలు చిక్కుకుంటే లెక్క తప్పుతుంది, పిడిని ఒకసారి కదిపి బుడగలు పోనివ్వండి.

ఇప్పుడు వెనక వైపు. ఇసుక అచ్చులో పోసినదైతే సన్నటి ఇసుక గరుకు కనిపిస్తుంది, దాని మీద ఆకురాయితో రుద్దిన గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి. ముందు ఉబ్బిన ప్రతి పువ్వూ వెనక గుంటగా కనిపిస్తే అది రేకును అచ్చులో నొక్కి చేసింది. ఇంగ్లండ్‌లో ఇలా నొక్కే పద్ధతికి 1769లో పేటెంట్ వచ్చింది, కాబట్టి పలచటి రేకు కనబడగానే కొత్తదని తోసిపుచ్చకూడదు. గీతలన్నీ ఒకే దిక్కుగా, ఒకే ఎడంతో ఉంటే మాత్రం నేను అనుమానిస్తాను, అది యంత్రం చేసిన పని.

స్క్రూలు కూడా విప్పి చూడండి. మొన మొద్దుగా ఉండి, తల మీది గాడి పక్కకి ఒరిగి, చుట్ల మధ్య ఎడం సమానంగా లేకపోతే అది చాలావరకు పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగం లేదా అంతకుముందుది. సూదిమొన స్క్రూలు 1840ల తర్వాతే విరివిగా వచ్చాయి. ప్లస్ గుర్తు గాడి 1930లలో వచ్చింది. స్క్రూ మార్చి ఉండొచ్చు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకూడదు, కానీ పిడి వెనకుండే పలకలోని రంధ్రం ఆకారం ఏ తల కోసం చేశారో చెబుతుంది.

ముద్రల విషయం త్వరగా చెప్పేస్తాను. బ్రిటన్‌లో నమోదైన డిజైన్లకు 1842 నుంచి 1883 దాకా వజ్రాకారపు గుర్తు ఉండేది, 1884 నుంచి వరుస నంబర్లు. విద్యుత్తుతో పూత వేయడం 1840 తర్వాతి మాట, క్రోమియం పూత 1920లలో బజారుకొచ్చింది. ముద్రను కూడా కాపీ కొడతారు. అక్షరాల అంచులు కరిగిపోయినట్టు మెత్తగా ఉంటే జాగ్రత్త పడండి.

ఆరు సొరుగు పిడుల సెట్టు ఒకటి కొన్నప్పుడు నాకు ఇలాంటి నకలే ఎదురైంది. అమ్మినాయన ఆరూ ఒకేచోటి నుంచి వచ్చాయన్నాడు. రంగు ఒకటే, బరువూ దాదాపు ఒకటే. ఇంటికొచ్చి, సన్నటి కొలతలు తీసే కాలిపర్‌తో స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలిస్తే నాలుగింటికి 76 మిల్లీమీటర్లు, అంటే మూడంగుళాలు, సరిగ్గా వచ్చింది. మిగతా రెండింటికి 75కి కాస్త అటూ ఇటూ. కరిగిన ఇత్తడి గట్టిపడి చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర వంతు దాకా కుంచించుకుపోతుంది. అసలు పిడినే నమూనాగా పెట్టి అచ్చు తీస్తే నకలు ఆ మేరకు చిన్నదవుతుంది. భూతద్దంలో చూస్తే ఆ రెండింటి ఆకుల మీద ఈనెలు కూడా మొద్దుబారి ఉన్నాయి. అప్పటి నుంచి కాలిపర్ లేకుండా సెట్టు కొనడం మానేశాను. కొలతల్లో ఇంకో గుర్తు కూడా ఉంది: దూరం సరిగ్గా 64, 96, 128 మిల్లీమీటర్లుంటే అది ఎక్కువగా ఈ కాలపు ఫర్నిచర్‌కి చేసిన పిడి.

అరుగుదల ఎక్కడుందో చూడటం నాకు చాలా ఇష్టమైన పని. వేలాడే కమ్మీ ఉన్న పిడిని లాగి వదిలినప్పుడల్లా కమ్మీ వెళ్లి పలకకి తగులుతుంది. ఏళ్ల తరబడి తగిలితే సరిగ్గా ఆ చోటే చిన్న నెలవంక లాంటి నొక్కు పడుతుంది. వేళ్లు పట్టే లోపలి వంపు నున్నబడుతుంది, స్క్రూ తల చుట్టూ మూల మూలలా నల్లటి మురికి గట్టిపడుతుంది. కావాలని పాతగా చేసినదాంట్లో వేలు తగలని చోట కూడా అంతే అరుగుదల ఉంటుంది.

దయచేసి తళతళలాడేలా రుద్దకండి. ఒకప్పుడు నేను ఒక తలుపు పలకని మెషీన్ మీద మెరుగు పెట్టించాను. పావుగంటలో చెక్కడం అంచులన్నీ గుండ్రబడ్డాయి, ఆ గోధుమ రంగు పొర మళ్లీ రాలేదు. కొనడానికొచ్చిన సేకర్త దాన్ని ఒకసారి చూసి కింద పెట్టేశారు, నాకు ఇప్పటికీ బాధే. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు, మెత్తటి బ్రష్, వెంటనే తుడిచి ఆరబెట్టడం, చాలు. పాత పెయింటులో సీసం ఉండొచ్చు, పొడిగా గీకొద్దు, కాల్చొద్దు. అమ్మోనియా వాడకండి, ఒత్తిడిలో ఉన్న ఇత్తడిని అది పగుళ్లిచ్చేలా చేస్తుంది.

ఇక విలువ. పాతది కాబట్టి ఖరీదైనది అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. ఆరు పిడుల సెట్టు విలువ ఒక పిడి విలువకు ఆరు రెట్లు కాదు, అంతకంటే ఎక్కువే. సొరుగులున్నవాళ్లకి ఒకటి పనికిరాదు మరి. బొడిపె అయితే జత, మధ్యలో కడ్డీ, రెండు పలకలూ ఉండాలి. తాళమైతే తాళంచెవి ఉండాలి. ఆ తర్వాత తయారీదారు ముద్ర, డిజైన్ అరుదుతనం, విరుగుళ్లు, అతుకులు చూస్తారు. ధర తెలుసుకోవాలంటే అడిగిన ధరలు కాదు, నిజంగా అమ్ముడైన ధరలు వెతకండి. అదే డిజైన్, అదే కొలత, అదే స్థితిలో ఉన్నవి కనీసం నాలుగైదు చూడందే నేను అంకె చెప్పను. వ్యాపారి మీ దగ్గర కొనే ధర, ఆయన అమ్మే ధర వేరువేరు, అందులో మోసమేమీ లేదు. తూకానికి వచ్చే తుక్కు ధర అన్నిటికంటే అడుగున ఉంటుంది, దానికి మాత్రం తొందరపడి ఇచ్చేయకండి.

విప్పేటప్పుడు ఒక్కో పిడినీ దాని స్క్రూలతో సహా విడి కవర్లో వేసి, ఏ సొరుగుదో చీటీ రాసి పెట్టండి, విప్పకముందే ఫొటో తీయండి. నా ఆరు పిడుల్లో ఆ రెండింటినీ వేరే కవర్లో పెట్టి, చీటీ మీద "నకలు, 75 మి.మీ." అని రాశాను. వాటిని ఎప్పుడు ఎవరికిచ్చినా ఆ చీటీతోనే ఇస్తాను.