మైఎస్‌క్యూఎల్ టేబుల్‌ను యూటీఎఫ్8ఎంబీ4కు మార్చే ముందు

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అక్షరాలు దాచే పాత పద్ధతి (క్యారెక్టర్ సెట్) యూటీఎఫ్8లో అక్షరానికి గరిష్ఠంగా 3 బైట్లే, యూటీఎఫ్8ఎంబీ4లో 4. తెలుగు అక్షరాలు సరిగ్గా పడతాయి, 4 బైట్ల ఎమోజీ పట్టదు. స్ట్రిక్ట్ మోడ్ (తప్పు డేటాను ఎర్రర్‌తో తిప్పికొట్టే సెట్టింగ్) లేకపోతే ఎమోజీ దగ్గర్నుంచి మిగతా పాఠమంతా తెగిపోతుంది. అలా పోయింది ఈ మార్పుతో తిరిగి రాదు.

• మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే బ్యాకప్ టూల్‌తో బ్యాకప్ తీయండి. టేబుల్ స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీ అయితే సింగిల్-ట్రాన్సాక్షన్ ఆప్షన్ పెట్టండి (ఒకే క్షణం నాటి డేటా వస్తుంది). వేరే సర్వర్‌లో రీస్టోర్ చేసి చూడందే ముందుకు కదలకండి.

• ఎక్కువమంది ఇరుక్కునేది ఇండెక్సుల (వెతకడాన్ని వేగం చేసే పట్టికల) దగ్గరే. కాంపాక్ట్ రో ఫార్మాట్‌లో (వరుసలను డిస్క్‌లో దాచే ఒక తీరు) ఇండెక్స్ పరిమితి కాలమ్‌కు 767 బైట్లు. వర్‌కార్ 255 (255 అక్షరాల వరకు పట్టే) కాలమ్‌కు ఇప్పుడు 255 × 4 = 1020 కావాలి, టేబుల్‌ను మార్చే ఆల్టర్ కమాండ్ ఎర్రర్‌తో ఆగొచ్చు. రో ఫార్మాట్ డైనమిక్ చేస్తే పరిమితి 3072 (5.7 నుంచి అదే డీఫాల్ట్). లేదంటే ఇండెక్స్‌ను 191 అక్షరాలకు కుదించండి.

• ఆల్టర్‌లో టేబుల్ మొత్తం కొత్తగా రాయబడుతుంది. కనీసం టేబుల్ సైజంత డిస్క్ ఖాళీ ఉంచండి. అంతసేపూ రైట్‌లు ఆగుతాయి కాబట్టి రద్దీ లేని వేళ చూసుకోండి.

• జాయిన్ అయ్యే (క్వెరీలో కలిపి చదివే) టేబుళ్లన్నిటికీ ఒకే కొలేషన్ (అక్షరాలను పోల్చే నియమం) ఉండాలి. యాప్ కనెక్షన్ క్యారెక్టర్ సెట్ కూడా యూటీఎఫ్8ఎంబీ4కు మార్చాలి.