పోల్ ప్రూనర్‌తో కొమ్మ కోసేటప్పుడు

మా చెట్టు మానులో, నా తలకి మూడడుగుల పైన ఒక తొర్ర ఉంది. ఒకప్పుడు అక్కడ మోచేయంత లావు కొమ్మ ఉండేది. కొత్తగా పోల్ ప్రూనర్ (పొడవాటి కర్ర చివర చిన్న చైన్ రంపం ఉండే మెషిన్) పట్టిన రోజుల్లో దాన్ని మానుకి ఆనించి నున్నగా కోసి, పైన పెయింటు కూడా పూశాను. ఎంత శుభ్రంగా వచ్చిందో అనుకున్నాను. కానీ లోపల పుచ్చిపోయింది.

చెట్టు గాయం మన చర్మంలా మానదు. దెబ్బతిన్న చోటికి చుట్టూ గోడ కట్టి, పైనుంచి కొత్త కలపతో మూసేస్తుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా చీల్చి చూసి ఈ సంగతి చెప్పారు. చేతికందే కొమ్మ ఒకదాని మొదలు వేలితో తడిమి చూడండి. మానులోంచి బయటికొచ్చే చోట ముడతలు పడి, ఉంగరం తొడిగినట్టు కాస్త ఉబ్బుగా తగులుతుంది. అదే కాలర్. కోత సరిగ్గా ఆ ఉబ్బు అవతల పడాలి. కాలర్‌ని కోసేస్తే గాయం పెద్దదై పుచ్చు లోపలికి పాకుతుంది. జానెడు మోడు వదిలేస్తే అదీ కుళ్ళుతుంది. పెయింటు, తారు ఏమీ పూయొద్దు, వాటివల్ల మేలు లేదు.

మెషిన్ తీసే ముందు తలెత్తి కరెంటు తీగలు చూడండి. చాలా పోల్స్‌కి ఇన్సులేషన్ ఉండదు. 15 మీటర్ల లోపు తీగ ఉంటే ఆ కొమ్మ మన పని కాదు. మనుషుల్నీ 15 మీటర్ల దూరంలో ఉంచండి. హెల్మెట్, కళ్ళద్దాలు, గ్లోవ్స్, బూట్లు తప్పనిసరి. పైకి చూస్తూ కోస్తాం కాబట్టి రంపపు పొట్టు నేరుగా కళ్ళలోకే రాలుతుంది. బ్యాటరీ తీసేసి చైన్ బిగువు చూడండి. చైన్ తిరిగే లోహపు పట్టీని బార్ అంటారు; చైన్ దాని కింద వేలాడకూడదు, చేత్తో లాగితే తేలిగ్గా తిరగాలి. చైన్ ఆయిల్ నింపండి. నిచ్చెనెక్కి మాత్రం ఈ మెషిన్ వాడొద్దు.

కొమ్మ కింద నిలబడొద్దు, పక్కకి జరగండి. పోల్ నేలతో 60 డిగ్రీలకి మించి నిటారుగా ఉంటే తెగిన కొమ్మ పోల్ వెంట జారి చేతుల మీదికే వస్తుంది. వెనక్కి తప్పుకునే దారిలో అడ్డాలేమీ లేకుండా ముందే తీసేయండి. కింది కొమ్మలతో మొదలుపెడితే పైవి వాటిలో చిక్కుకోవు.

లావు కొమ్మని ఒకే కోతలో దించాలనుకుంటే, బరువుకి అది విరిగి మాను బెరడుని కూడా చీల్చుకుంటూ పోతుంది. అందుకే మూడు కోతలు. మొదటిది మానుకి 30 సెంటీమీటర్ల దూరంలో కింది నుంచి, పావు వంతు లోతు. అంతకంటే లోతుకి వెళితే కొమ్మ వాలి బార్‌ని పట్టేస్తుంది. రెండోది ఇంకో నాలుగు వేళ్ళ అవతల, పైనుంచి. ముందు చైన్ పూర్తి వేగం అందుకోనివ్వండి, తర్వాత బార్ మొదట్లో ఉన్న కొక్కేన్ని కొమ్మకి ఆనించి, మెషిన్ బరువుతోనే దిగనివ్వండి. నొక్కాల్సి వస్తోందంటే చైన్ మొద్దుబారింది. బార్ కొన దేనికీ తగలకుండా చూసుకోండి. కోత నోరు తెరుచుకుంటోందంటే కొమ్మ వెళ్ళిపోబోతోంది. అది తెగిన క్షణంలో మెషిన్ తల ఒక్కసారిగా కిందికి ఊగుతుంది, పట్టు వదలొద్దు.

మిగిలిన మోడుని కాలర్ బయట మూడో కోతతో తీయండి. దూరం నుంచి కాలర్ సరిగ్గా కనబడకపోతే రెండు వేళ్ళంత వదిలేయడమే మేలు. తర్వాత చేతిరంపం అందితే సరిచేసుకోవచ్చు, కోసేసిన కాలర్‌ని మళ్ళీ అతికించలేం.

ఒక ఏడాదిలో పావు వంతు ఆకుని మించి తీయొద్దు.

వచ్చే ఏడాది ఆ కోతల్ని మళ్ళీ చూడండి. సరిగ్గా పడిన చోట గాయం చుట్టూ అన్నివైపులా ఒకేలా కొత్త కలప ఉంగరంలా పొంగుతుంది. పక్కల్లో మాత్రమే పొంగి పైనా కిందా ఖాళీగా ఉంటే, కోత కాలర్‌లోకి వెళ్ళిందన్నమాట.