వేప, కరక్కాయ కలిపిన పెయింట్ వేసినా బార్నకిల్స్ పట్టేస్తున్నాయా?

హైదరాబాద్‌లో సముద్రం లేదు. ఓడల అడుగుకు అతుక్కునే గుల్ల జీవులు, అంటే బార్నకిల్స్, పట్టకుండా మొక్కల సారంతో పెయింట్ చేయడం మా పని. అది ఇక్కడ బకెట్లో మొదలవుతుంది, తేలేది మాత్రం విశాఖలో. పెయింట్ వేసిన ప్యానెళ్లను రాత్రి బస్సులో పంపిస్తాం, మిత్రులు హార్బర్ నీళ్లలో వేలాడదీసి వాట్సాప్‌లో ఫోటోలు పెడతారు. ఓడలకు వేసే, బార్నకిల్స్‌ను చంపే విషపు ట్రిబ్యుటైల్‌టిన్ పెయింట్ల మీద 2008లో అంతర్జాతీయ నిషేధం అమల్లోకి వచ్చింది కాబట్టి మొక్కల సారం అంటే అందరికీ ఆశే. అయితే మా అనుభవంలో తప్పు ఎక్కువసార్లు మందుది కాదు, దాన్ని పట్టి ఉంచాల్సిన పెయింట్ పొరది.

రెండు వారాలు శుభ్రం, నెల తిరిగేసరికి గుల్లలు

మందంతా మొదటి రోజుల్లోనే కారిపోయి ఉంటుంది. కరక్కాయ టానిన్ (వగరు పదార్థం) కలిపిన మా మొదటి ప్యానెల్‌ను లీటరుకు 35 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో ముంచితే, తెల్లారేసరికి బకెట్ నిండా పలచటి డికాషన్! ప్యానెల్ వెలిసిపోయింది.

పొడిని నేరుగా కలపకండి. సన్నటి రంధ్రాలున్న సిలికా రేణువుల్లోకి ఎక్కించి, ఆ తర్వాత పెయింట్‌లో వేయండి. బైండర్‌లో (పెయింట్ పొరను పట్టి ఉంచే జిగురులో) రోజిన్, అంటే పైన్ చెట్టు బంక, ఉంటే ఇంకా మంచిది. అది సముద్రపు నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతుంది, పొర అరిగినకొద్దీ లోపలి మందు బయటికొస్తుంది. బకెట్లో నీళ్లు రోజూ మార్చండి. మొదటి రోజు నీళ్లకీ పదో రోజు నీళ్లకీ రంగులో పెద్ద తేడా లేకపోతేనే బస్సెక్కించండి.

వేపసారం ల్యాబ్ డిష్‌లో పనిచేసింది, సముద్రంలో చేయలేదు

వేపలో పనిచేసే పదార్థం అజాడిరాక్టిన్. అది కొద్దిపాటి ఆమ్లంలో నిలుస్తుంది, క్షారంలోనూ ఎండలోనూ విరిగిపోతుంది. సముద్రపు నీళ్ల పీహెచ్ సుమారు 8.1. సారాన్ని ఆ నీళ్లలో, వెలుతురులో కొన్నాళ్లు ఉంచి అప్పుడు పరీక్షించండి. సారం బదులు వేపనూనే పోస్తే మరో తంటా: అది ఆరే నూనె కాదు, పొర జిడ్డుగానే ఉండిపోతుంది.

డిష్‌లో లార్వాలన్నీ (బార్నకిల్ పిల్లలు) చచ్చిపోయాయి

సంబరపడకండి. చంపింది సారం తీయడానికి వాడిన మిథనాల్ కావచ్చు. ఉత్త మిథనాల్‌తో ఒక డిష్ పక్కన పెట్టి చూడండి. మనకు కావాల్సింది లార్వా అతుక్కోకపోవడం, చావడం కాదు. సగం లార్వాలను చంపే మోతాదు, సగం లార్వాలను అతుక్కోనివ్వని మోతాదుకు 15 రెట్లకు మించి ఉంటేనే విషం కాదని లెక్కేస్తారు.

మందు లేని ప్యానెల్ కూడా శుభ్రంగా ఉంది

అది లార్వాలు రాని కాలం. ఆ బ్యాచ్ ఫోటోలు ఎంత బాగున్నా పక్కన పెట్టేసి మళ్లీ వేలాడదీయండి.