మృగశిరకు ముందే: మిద్దెపై విదేశీ మొక్కలకు వానాకాలం జాగ్రత్తలు

రోహిణి కార్తె ఎండలకు అడీనియం, అంటే ఎడారి గులాబీ అని పిలిచే పూల మొక్క, భయపడదు. నెలల తరబడి చినుకు లేని నేలల్లో బతికిన జాతి అది. దాని ప్రాణం తీసేది మృగశిర తర్వాత వరసగా కురిసే వాన. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ మొదటి, రెండో వారాల్లో మన రెండు రాష్ట్రాలకూ చేరతాయి. కాబట్టి చేయవలసిన పనులన్నీ మే నెలాఖరుకే పూర్తి కావాలి. ముసురు పట్టాక చేసే వైద్యం చాలాసార్లు ఆలస్యపు వైద్యమే.

పని మొదలుపెట్టేముందు ప్రతి కుండీ దగ్గరా ఒక ప్రశ్న వేసుకోండి: ఈ మొక్క పుట్టిన చోట వాన ఎప్పుడు, ఎలా పడుతుంది? లావెండర్, రోజ్‌మేరీ మధ్యధరా సముద్ర తీరాలవి. అక్కడ వేసవి పొడిగా ఉంటుంది, వానలు చలికాలంలో పడతాయి. వేడీ తేమా కలిసిన మన జూలై గాలిని అవి తట్టుకోలేవు. ఆర్కిడ్లలో ఎక్కువ మంది పెంచే ఫెలనాప్సిస్, డెండ్రోబియం ఆసియా వానల అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగేవి. వాటికి వానంటే ఇష్టమే, కానీ వేర్లకు ఎప్పుడూ గాలి ఆడాలి. డ్రాగన్ ఫ్రూట్ మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్లకు పాకే కాక్టస్. ఎడారి కాక్టస్‌ల కంటే ఎక్కువ నీరు తాగుతుంది, నిలిచిన నీటిని మాత్రం సహించదు. నర్సరీలో ఇవన్నీ పక్కపక్కనే ఉంటాయి. అందుకే ఇంటికొచ్చాక అన్నింటినీ ఒకేలా తడపడం మన అలవాటవుతుంది. వానాకాలంలో ఆ అలవాటే చేటు చేస్తుంది.

అడీనియం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రేమగా పెంచినవారు ఎక్కువగా పోగొట్టుకునేది దీన్నే. దాని లావుపాటి మొదలు నీటిని దాచుకునే చోటు. చుట్టూ ఉన్న మట్టి రోజుల తరబడి తడిగా ఉంటే ఆ దుంపే కుళ్లిపోతుంది. మే నెలలోనే ఓ పరీక్ష చేయండి. కుండీలో మగ్గు నీళ్లు పోస్తే క్షణాల్లో అడుగు నుంచి ధారగా రావాలి. పైనే నిలిచి మెల్లగా ఇంకుతుంటే మట్టి మార్చాల్సిందే. కొత్త మిశ్రమంలో సగానికి పైగా కడిగిన ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలు, పెర్లైట్ (తేలికపాటి తెల్లటి రాతి గుళికలు) లాంటివి ఉండాలి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి తక్కువ వేయండి. మట్టి మార్చేటప్పుడు వేరు తెగితే ఆ గాయం ఆరేదాకా, అంటే నాలుగైదు రోజులు నీళ్లు పోయకండి. కొమ్మలు కత్తిరించడం కూడా ఇప్పుడే ముగించాలి. ముసురు రోజుల్లో కోసిన కొమ్మ కోత దగ్గర నుంచే కుళ్లుతుంది.

తర్వాత కుండీలను కప్పు కిందికి మార్చండి. చోటు లేకపోతే పారదర్శక ప్లాస్టిక్ షీటును మొక్కల తలలకు రెండడుగుల పైన ఏటవాలుగా కట్టి, పక్కలు తెరిచి ఉంచండి. చుట్టూ మూసేస్తే లోపల ఆవిరి పట్టి బూజు వస్తుంది. నీడ ఎక్కువైతే మొక్క సన్నగా సాగుతుంది, అందుకే వెలుతురు తగ్గనివ్వకండి. వానాకాలమంతా మూడు రోజులకోసారి మొదలును వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే క్షేమం. మెత్తగా తగిలితే వెంటనే పెకలించి, లోపల తెల్లటి కండ కనిపించేవరకు కుళ్లిన భాగాన్ని కోసేయండి. కోతకు శిలీంధ్రనాశిని పొడి అద్ది, వారం పాటు నీడలో ఆరబెట్టి, పొడి మిశ్రమంలో నాటండి. ఒక్క రోజు ఆలస్యం చేసినా ఆ కుళ్లు ఇంకాస్త లోపలికి పాకుతుంది.

అడీనియం గన్నేరు కుటుంబపు మొక్క. దాని పాలు విషపూరితం. కత్తిరించేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, కంటికి తగలనివ్వకండి. ఇళ్లలో అందానికి పెంచే పెద్దాకుల మొక్క డిఫెన్‌బేకియా ఆకు నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. పసిపిల్లలున్న ఇంట్లో వానకని మొక్కలను లోపలికి చేర్చేటప్పుడు ఈ రెండింటినీ చేతికందని ఎత్తులో పెట్టండి.

ఆర్కిడ్లకు చేయవలసింది తక్కువే. ఫెలనాప్సిస్ ఆకుల నడుమ నీరు నిలిస్తే మొవ్వు కుళ్లుతుంది, కాబట్టి కుండీని కొద్దిగా వాల్చి వేలాడదీయండి. డ్రాగన్ ఫ్రూట్‌కు స్తంభం గట్టిగా ఉందో లేదో ఇప్పుడే ఊపి చూడండి. తడిసిన తీగల బరువుకు గాలి తోడైతే అది ఒరిగిపోతుంది. కాండంపై గోధుమరంగు మచ్చలు, పసుపు కుళ్లు కనిపిస్తే వాన తెరిపిచ్చిన రోజు ఆ భాగాన్ని కోసి దూరంగా పారేయండి, కత్తిని స్పిరిట్‌తో తుడవండి. లావెండర్‌ను కాపాడలేకపోతే బాధపడకండి. మన ఊళ్లలో దాన్ని చలికాలపు మొక్కగా పెంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

మొక్కల సంగతి సరే, మిద్దె సంగతి కూడా చూడాలి. ఘనపుటడుగు నీరే ఇరవై ఎనిమిది కిలోలు ఉంటుంది, తడిసిన మట్టి ఇంకా బరువు. పెద్ద కుండీలను శ్లాబు మధ్యలో కాక దూలాల మీదుగా పెట్టండి. పిట్టగోడపై ఉన్న ప్రతి కుండీనీ కిందికి దించండి, చిన్నదైనా సరే. ఈదురుగాలికి అది వీధిలో పోయేవారి తలపై పడవచ్చు. నీళ్లు పోయే తూములో ఆకులు తీసేయండి. కుండీల కింది పళ్లేలను వానాకాలమంతా పక్కన పెట్టేయండి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి ఆ పళ్లెంలోని నీళ్లు, ఓ వారం పది రోజులు చాలు.

అమెరికా నుంచి సెలవులకు వచ్చే పిల్లలను విత్తనాలు, దుంపలు తెమ్మని అడగకండి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా వాటిని తేకూడదు. ఒక్క పొట్లంతో కొత్త తెగులు ఊరి పొలాల్లోకి చేరవచ్చు. అందానికని తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను ఎలా కమ్మేసిందో చూస్తూనే ఉన్నాం.

నెల్లూరు, తిరుపతి వైపు వారికి ఇంకో మాట. మీకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. హైదరాబాదులో షీట్లు తీసేశారని మీరు తీయకండి. జూన్ కంటే మీ అడీనియంలకు నవంబరులోనే ఎక్కువ కాపలా కావాలి. అప్పటికి చలి మొదలై మొక్క నీరు తాగడం తగ్గిస్తుంది, మట్టి ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది.