విక్రయ కేటలాగ్ నిర్వహణ – 4వ పాఠం: ఎంపికలతో కూడిన బండిల్

గత పాఠంలో విడి ఉత్పత్తులకు ఎస్‌కేయూ (ఒక్కో ఉత్పత్తిని గుర్తించే కోడ్), ధర, నిల్వ నమోదు చేశాం. ఇప్పుడు వాటినే భాగాలుగా తీసుకొని, కొనుగోలుదారు తన అవసరానికి తగినట్లు కూర్చుకోగల బండిల్‌ను (అనేక భాగాలు కలిపి అమ్మే ఉత్పత్తిని) ఆన్‌లైన్ దుకాణాలు నడిపే సాఫ్ట్‌వేర్ అడోబ్ కామర్స్‌లో తయారు చేద్దాం. దీని పూర్వపు పేరు మజెంటో.

ఒక కంప్యూటర్‌కు 3 ప్రాసెసర్లు, 4 మెమరీలు, 3 డిస్కులు, 2 మానిటర్లు ఉన్నాయనుకోండి. ప్రతి కూర్పునూ వేరే ఉత్పత్తిగా నమోదు చేస్తే 72 రికార్డులవుతాయి. ఒక మెమరీ ధర మారిన రోజున వాటిలో 18 దిద్దాలి. బండిల్‌లో 12 భాగాలూ ఒక బండిల్ రికార్డూ చాలు, దిద్దుబాటు ఒక్కచోటే. ఈ సౌలభ్యం దక్కాలంటే ధరను డైనమిక్‌గా ఉంచాలి. అప్పుడే ఎంచుకున్న భాగాల ధరలు కలిసి మొత్తం వస్తుంది.

కొత్త బండిల్ ఉత్పత్తిని తెరిచి, ప్రాసెసర్, మెమరీ వంటి ఒక్కొక్క విభాగానికి ఒక్కొక్క ఆప్షన్ చేర్చండి. ఒక్కటే ఎంచుకోవలసిన చోట డ్రాప్‌డౌన్ లేదా రేడియో బటన్, ఎన్నైనా తీసుకోగల చోట చెక్‌బాక్స్ పెట్టండి. అది లేకుండా యంత్రం నడవదనుకున్న ప్రతి విభాగాన్నీ తప్పనిసరి అని గుర్తించండి. కస్టమ్ ఆప్షన్లు (కొనుగోలుదారు ఆ ఉత్పత్తికే విడిగా ఎంచుకునే అదనపు ఎంపికలు) లేని సింపుల్ (విడి వస్తువు), వర్చువల్ (సేవ, వారంటీ వంటి భౌతిక రూపం లేనివి) ఉత్పత్తులు మాత్రమే ఇందులో భాగాలు కాగలవు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ అవసరమైనది భాగాల పొంతన. ఒక విభాగంలోని ఎంపికను బట్టి మరొక విభాగాన్ని పరిమితం చేసే నియమం ఈ బండిల్‌లో స్వతహాగా లేదు కనుక, మదర్‌బోర్డు కూడా ఒక విభాగమైతే, దాని సాకెట్‌కు (ప్రాసెసర్‌ను అమర్చే చోటుకు) సరిపోని ప్రాసెసర్‌ను ఎంచుకున్నా ఆర్డర్ నిరాటంకంగా నమోదవుతుంది. వివరణలో హెచ్చరిక రాయడం పరిష్కారమని నేను అనుకోను. హడావుడిలో ఉన్నవారు దాన్ని చదవరు. ఒక్కొక్క సాకెట్‌కు ఒక్కొక్క బండిల్ చేయడమే మేలు. రికార్డులు కొంత పెరుగుతాయి గాని, పంపలేని కూర్పు అసలు ఏర్పడదు.

ప్రత్యేక ధర గడిలో మరొక జాగ్రత్త అవసరం: బండిల్‌కు అక్కడ నమోదయ్యేది డబ్బు మొత్తం కాదు, శాతం. 80 అని రాస్తే 80 శాతం తగ్గింపు రాదు. అసలు ధరలో 80 శాతానికి అమ్ముడవుతుంది.

అభ్యాసం: మీ భాగాల జాబితాను కాగితంపై రాసి, ఒకదానితో ఒకటి కుదరని జతలను గుర్తించి, ఎన్ని బండిళ్లు అవసరమో తేల్చండి. 5వ పాఠాన్ని ఆ కాగితంతోనే మొదలుపెడదాం.