నెట్ కనెక్షన్ మార్చడం ఎలా? పాతదాన్ని వదిలించుకోవడం ఎలా?

పోయిన నవంబరు వానల్లో మా ఇంట్లో పదకొండు రోజులు నెట్ లేదు. మాది తిరుపతిలో కొర్లగుంట వైపు. కస్టమర్ కేర్‌కి ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే పాట: "ఇరవై నాలుగు గంటల్లో మీ సమస్య పరిష్కారమవుతుంది సార్." పన్నెండో రోజు విసుగొచ్చి వేరే కంపెనీకి మారిపోయాను. కొత్త కనెక్షన్‌కి పట్టింది రెండే రోజులు. పాత కంపెనీ నుంచి పూర్తిగా బయటపడటానికి నాలుగు నెలలు పట్టింది. అందుకే కొత్తది పెట్టించుకోవడం కన్నా పాతదాన్ని మూయించడం గురించే ఇక్కడ ఎక్కువ చెప్తాను.

సిమ్ పోర్ట్ పెట్టుకున్నట్టు ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌ని పోర్ట్ పెట్టే పద్ధతి మన దగ్గర లేదు. కొత్తది విడిగా తీసుకోవాలి, పాతది మనమే అడిగి మూయించాలి. కొత్త కంపెనీ కుర్రాడు "మొత్తం మేమే చూసుకుంటాం సార్" అంటాడు, నమ్మకండి. పాత కంపెనీతో వాళ్లకు ఏ సంబంధమూ ఉండదు.

1. ముందు తప్పు ఎవరిదో తేల్చుకోండి

కంపెనీ మారినా నెట్ బాగుపడని ఇళ్లు చాలా ఉన్నాయి. మా పక్కింటాయన మూడేళ్లలో మూడు కంపెనీలు మార్చాడు. చివరికి చూస్తే రూటర్ ఇనప బీరువా వెనక ఉంది. ముందు గదిలోకి సిగ్నల్ ఎట్లా వస్తుంది?

రూటర్ డబ్బా మీద ఎల్ఓఎస్ అని ఒక లైటు ఉంటుంది. అది ఎర్రగా వెలుగుతున్నా, కొట్టుకుంటున్నా బయటి నుంచి సిగ్నల్ రావట్లేదని అర్థం. ఎక్కడో ఫైబర్ తెగింది, లేదా వంగింది. అప్పుడు రూటర్ ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా లాభం లేదు. లైన్‌మేన్ రావాల్సిందే. ఎర్ర లైటు లేకుండా నెట్ మెల్లగా వస్తోందంటే ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కి కలిపి స్పీడ్ చూడండి. వైరుతో స్పీడ్ సరిగ్గా ఉండి వైఫైలో రాకపోతే గొడవ ఇంట్లోదే. రూటర్‌ని నడింట్లో, కాస్త ఎత్తులో పెట్టండి. దగ్గరగా కూర్చుని వాడేటప్పుడు 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారండి.

వైరులోనూ ఒక తిరకాసు ఉంది. ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి. చివర నాలుగే కలిపి ఉంటే మీ ప్లాన్ 300 ఎంబీపీఎస్ అయినా స్పీడ్ 95 దగ్గరే ఆగిపోతుంది. ఇంకో సంగతి, 100 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే ఫైలు సెకనుకు 100 ఎంబీ చొప్పున దిగదు. ప్లాన్ లెక్క మెగాబిట్లలో, ఫైలు లెక్క మెగాబైట్లలో ఉంటుంది కాబట్టి ఎనిమిదితో భాగించాలి, 12.5 ఎంబీ వస్తుంది. ఇది తెలియక కంపెనీని తిట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

పక్కింటివాళ్లకు కూడా లేదేమో అడగండి. 2021 నవంబరు వరదల్లాంటివి వస్తే ఏ కంపెనీనీ ఏమీ అనలేం. వీధంతా వస్తూ మీకొక్కరికే రాకపోతే అది వేరే లెక్క.

2. ఫిర్యాదుకి నంబరు లేకపోతే ఫిర్యాదు చేయనట్టే

ఫోన్‌లో ఎంత సేపు అరిచినా రికార్డులో మిగిలేది డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు ఒక్కటే. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ కంపెనీ ఆ నంబరు ఇవ్వాలన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధన. మెసేజ్ రాకపోతే ఫోన్ పెట్టేయకుండా అడిగి రాసుకోండి. నేను క్యాలెండర్ మీదే రాశాను: తేదీ, టైము, నంబరు, ఎవరు ఏమన్నారు. తర్వాత దాన్నే ఫోటో తీసి మెయిల్‌లో పెడితే సరిపోయింది.

ఇప్పుడు అసలు మోసపోయిన చోటు. నాలుగో రోజు సాయంత్రం ఒక కుర్రాడు ఫోన్ చేశాడు.

"సార్, మీ ఫోన్‌కి ఒక ఓటీపీ వచ్చుంటాది, చెప్పండి."

"నెట్ వచ్చిందా నాయనా?"

"రేపు పొద్దున్నే వచ్చి చేసేస్తా సార్. ఈ టికెట్ ఇయ్యాళ క్లోజ్ చెయ్యకపోతే మా టీమ్ లీడర్ తిడతాడు."

పాపం అనిపించి చెప్పేశాను. అంతే, రికార్డులో నా సమస్య తీరిపోయింది. మరునాడు ఫోన్ చేస్తే "మీ కంప్లైంట్ నిన్ననే పరిష్కారమైంది సార్, కొత్తది రిజిస్టర్ చేయమంటారా?" అంది కస్టమర్ కేర్ అమ్మాయి. లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. నెట్ వచ్చి, మీ కళ్లతో చూసేదాకా ఆ ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, వాడి ఉద్యోగం వాడిది. కానీ ఆ నాలుగంకెలు చెప్పినందుకు నాకు నాలుగు రోజులు పోయాయి.

కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకడం కూడా ప్రమాదమే. అక్కడ దొంగ నంబర్లు తిరుగుతుంటాయి. బిల్లు మీద, కంపెనీ యాప్‌లో ఉన్న నంబరుకే చేయండి. ఎవరైనా ఏదో యాప్ వేసుకోమని చెప్పి డబ్బు లాగేస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

నెట్ లేని రోజులకు బిల్లు తగ్గించమని, లేదా గడువు పొడిగించమని అడగండి. చాలాసార్లు అడిగితేనే ఇస్తారు.

3. కంపెనీ పేరు కన్నా మీ వీధి లైన్‌మేన్ ముఖ్యం

బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్, కేబుల్ ఆపరేటర్ల ద్వారా వచ్చే ఏపీ ఫైబర్‌నెట్, ఇంకా ఊళ్లో చిన్నాచితకా కంపెనీలు. ఏది మంచిదని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఎమ్మార్ పల్లిలో బ్రహ్మాండంగా పనిచేసే కంపెనీ కరకంబాడి రోడ్డులో ఏడిపించవచ్చు. ఫైబర్ అందరిదీ ఒకే రకం. అది తెగినప్పుడు ఎంత తొందరగా వచ్చి అతుకుతారన్నదే తేడా. మన ఊళ్లో తెగడానికి కారణాలకు కొదవ లేదు. కాలవ తవ్వే జేసీబీ, కరెంటు స్తంభాల దగ్గర చెట్లు కొట్టేవాళ్లు, కపిలతీర్థం వైపు అయితే కోతులు.

కాబట్టి ప్రకటనలు పక్కన పెట్టి మీ వీధిలోనే నలుగురిని అడగండి. "స్పీడ్ ఎంత?" అని కాదు, "పోయినసారి తెగినప్పుడు ఎన్ని రోజులకు వచ్చారు?" అని. ఆ జవాబుతోనే నేను కంపెనీని ఎంచుకున్నాను. చిత్తూరులో ఉండే మా బావమరిది ఇంకో అడుగు ముందుకేసి నేరుగా లైన్‌మేన్‌ని టీ కొట్టు దగ్గర పట్టుకుని నంబరు తీసుకున్నాడు. ఆ తర్వాతే కనెక్షన్‌కి డబ్బు కట్టాడు.

కొత్త కంపెనీ వాళ్లను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మీ జంక్షన్ బాక్స్ (వీధిలో ఇళ్లకు ఫైబర్ చీలే డబ్బా) మా ఇంటికి ఎంత దూరం, అందులో పోర్ట్, అంటే మన వైరు తగిలించే చోటు, ఖాళీ ఉందా? చాలామంది సేల్స్ కుర్రాళ్లు చూడకుండానే "ఫీజిబిలిటీ ఉంది", అంటే కనెక్షన్ ఇవ్వడం కుదురుతుంది అనేస్తారు, డబ్బు కట్టాక పోర్ట్ లేదంటారు. ప్లాన్ ధర మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, 499 అంటే మనం కట్టేది 589 అవుతుంది. అన్‌లిమిటెడ్ అన్నా నెలకు ఇంత డేటా దాటాక స్పీడ్ తగ్గిస్తామని షరతు ఉంటుంది. జియో, ఎయిర్‌టెల్ ప్లాన్లలో ఎక్కువగా కనిపించే అంకె 3300 జీబీ, మామూలు ఇంటికి అది చాలు. రూటర్ అమ్ముతున్నారా, వాడుకోవడానికి ఇస్తున్నారా? డిపాజిట్ వెనక్కి వస్తుందా? వదిలేస్తే ఏమైనా కట్టాలా? ఇవన్నీ వాట్సాప్‌లో అడగండి, నోటితో వద్దు.

ఏడాది డబ్బు ఒకేసారి కడితే ఒక నెల ఉచితం అంటారు. మొదటి మూడు నెలలూ నెలవారీగానే కట్టండి. ఉచిత నెల ఆశకు ఏడాది చిక్కుకున్నవాళ్లను చూశాను.

అద్దె ఇల్లయితే గోడకు రంధ్రం పెట్టే ముందు ఓనరుతో మాట్లాడండి. 5జీ మీద గాలిలో వచ్చే ఎయిర్ ఫైబర్ కూడా ఉంది. మేడ మీద చిన్న డబ్బా పెడతారు, జేసీబీ భయం ఉండదు. కానీ టవర్ మీద రద్దీని బట్టి స్పీడ్ మారుతుంది. ఫైబర్ దొరికే చోట నేనైతే ఫైబరే తీసుకుంటాను.

4. కొన్నాళ్లు రెండూ ఉంచుకోండి

కొత్తది వచ్చిన రోజే పాతది తీసేయకండి. కనీసం పది రోజులు రెండూ నడవనివ్వండి. ఆ పది రోజుల్లో రాత్రి తొమ్మిదికి, ఊరంతా వీడియోలు చూసే వేళ, స్పీడ్ చూడండి. మధ్యాహ్నం చూసి మురిసిపోవద్దు. శ్రీవారి 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే పొద్దున పాత నెట్ లేదు, కొత్తది ఇంకా రాలేదు అంటే ఇంట్లో ఎంత రచ్చో తిరుపతి వాళ్లకు చెప్పక్కర్లేదు. పైగా చుట్టాలందరూ ఆ పని మనకే అప్పగిస్తారు.

ఒక చిన్న చిట్కా. కొత్త రూటర్‌కి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెట్టండి. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు కూడా తేడా రాకూడదు. పాత రూటర్ ఆపగానే టీవీ, కెమెరా, ఫోన్లు వాటంతటవే కొత్తదానికి కలుస్తాయి. ఈ సంగతి తెలిసుంటే మా అమ్మ ఫోన్, టీవీ, గేటు కెమెరాతో ఒక ఆదివారం మొత్తం పోయేది కాదు.

పాత కనెక్షన్‌తో 0877తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ నంబరు ఉంటే దాన్ని బ్యాంకులో, గ్యాస్ ఏజెన్సీలో ఇచ్చారేమో గుర్తు చేసుకోండి. కనెక్షన్‌తో పాటు అదీ పోతుంది.

5. పాతది మూయించడం

డబ్బు కట్టడం మానేస్తే కనెక్షన్ దానంతటదే పోతుందని చాలామంది అనుకుంటారు. పోస్ట్‌పెయిడ్ అయితే పోదు, బిల్లు పెరుగుతూ పోతుంది. కనెక్షన్ రద్దు చేయమని ఈమెయిల్ పెట్టండి లేదా యాప్‌లో రిక్వెస్ట్ పెట్టండి, దానికీ ఒక నంబరు తీసుకోండి. వెంటనే ఆఫర్లతో ఫోన్లు మొదలవుతాయి. "సార్, రెండు నెలలు ఫ్రీ ఇస్తాం, స్పీడ్ డబుల్ చేస్తాం." నాకు పదకొండు రోజులు దొరకని మనిషి ఆ వారంలో మూడుసార్లు తనే ఫోన్ చేశాడు.

యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే మీ యాప్‌లోకి వెళ్లి మీరే రద్దు చేయండి. కార్డు మీద పెట్టి ఉంటే బ్యాంకు యాప్‌లో. చివరి బిల్లు ఎంతో చూసుకుని కట్టాకే ఇది చేయండి.

ఇక రూటర్ డబ్బా. అది కంపెనీదైతే వెనక్కి ఇవ్వాలి, అడాప్టర్‌తో సహా. ఇచ్చే ముందు డబ్బా కింద అంటించిన సీరియల్ నంబరు ఫోటో తీయండి. తీసుకెళ్లే మనిషితో రసీదు రాయించుకోండి. మా ఇంటికొచ్చినతను "రసీదు బుక్కు లేదన్నా" అన్నాడు. తెల్లకాగితం, పెన్ను చేతిలో పెట్టాను. పేరు, తేదీ, సీరియల్ నంబరు రాసి సంతకం పెట్టాడు. డబ్బా చేతిలో పట్టుకుని గేటు దగ్గర నిలబడితే ఒక ఫోటో కూడా తీసుకున్నాను. అతను నవ్వాడు, "ఇంత అవసరమా అన్నా" అని.

6. డబ్బు తిరిగి రాకపోతే

ముందు కంపెనీకే ఫిర్యాదు, డాకెట్ నంబరుతో. దానికి జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా 30 రోజుల్లోపు అదే కంపెనీలో అప్పీళ్లు చూసే అప్పీలేట్ అథారిటీకి వెళ్లొచ్చు. వాళ్ల మెయిల్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఫీజు లేదు. 39 రోజుల్లో తేల్చాలన్నది నియమం. నేరుగా ట్రాయ్‌కి రాస్తే పని కాదు, విడి వినియోగదారుల ఫిర్యాదులు వాళ్లు విచారించరు.

దీంతోపాటు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో టెలికాం శాఖను ఎంచుకుని కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. అక్కడ కూడా మొదట అడిగేది మీ డాకెట్ నంబర్లే.

చివరిది వినియోగదారుల కమిషన్. టెలికాం గొడవలు అక్కడికి రావని కంపెనీలు చాలా కాలం వాదించాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా సరే. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. డిపాజిట్ కోసం అంత దూరం వెళ్లాలా అన్నది మీ ఓపిక. నేనైతే అప్పీలు దాకే వెళ్లాను.

డబ్బా ఇచ్చిన రెండు నెలలకు నాకు బిల్లు వచ్చింది, రూటర్ తిరిగి ఇవ్వలేదని 2,500 కట్టమని. కస్టమర్ కేర్ వినలేదు. తెల్లకాగితం రసీదు, గేటు దగ్గర ఫోటో, క్యాలెండర్ పేజీ కలిపి అప్పీలు పెట్టాను. మూడు వారాల తర్వాత బకాయి సున్నా అని మెయిల్ వచ్చింది. ఆ మరుసటి వారం డిపాజిట్ కూడా ఖాతాలో పడింది.